ఒకటిన్నర గోల్స్ తేడా

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే, చదివేవాళ్లకి నన్ను తిట్టుకునే శ్రమ కొంత తగ్గుతుంది. పదేళ్ల కూతురు గోల్‌కీపర్‌గా నిలబడిన ఆటలో, ఆమె జట్టు బాగా గెలవదని పందెం కాసిన తండ్రిని నేను. తిట్లు ఇంకా మిగిలితే ఇదీ వినండి. ఆ పందెం కోసం స్ప్రెడ్‌షీటు తయారుచేసిందీ, రూల్స్ రాసిందీ, చివర్లో గెలుపోటములు తేల్చిందీ కూడా నేనే.

మేం ఉండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా వృత్తి. నేను చేసినదాంట్లో తప్పులు పట్టడం నా భార్యకి ప్రవృత్తి. ఆవిడ ఒక మందుల కంపెనీలో గణాంకాలు చూస్తుంది కాబట్టి, పట్టిన తప్పుకి అంకె కూడా జతచేసి చెబుతుంది.

అమ్మాయిని ఊళ్లో పిల్లల సాకర్ లీగ్‌లో చేర్చాం. శనివారం ఉదయాలు మైదానం అంచున మడతకుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం, ఐదుగురు తెలుగు తండ్రులం. నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. తెలియకపోయినా ప్రతి సీజన్‌లో తల్లిదండ్రులు ఏదో ఒక పని ఒప్పుకోవాలి కనక, ఆట అయ్యాక గోల్ వలలు విప్పి షెడ్డులో పెట్టే పని నేను ఒప్పుకున్నాను. ఆ వయసు పిల్లలకి లీగ్ వాళ్లు స్కోరు రాయరు. పట్టికా ఉండదు, ఎవరు ఎన్నో స్థానమో ఉండదు. అందరూ ఆడారు, అందరూ నారింజ తొనలు తిన్నారు, అంతే.

మా అమ్మాయికి ఒక అలవాటు ఉండేది. గోల్ పడిన ప్రతిసారీ వలలోంచి బంతి తీసి, మధ్యకి తన్ని, ఒక్కసారి నా కుర్చీ వైపు చూసేది. నేను బొటనవేలు ఎత్తి చూపించేవాణ్ణి. దాంతో తిరిగి గోల్ ముందు నిలబడేది. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మా పక్కింటి మిత్రుడిది వరంగల్ వైపు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. వాళ్లమ్మాయి మా జట్టులో ముందు ఆడుతుంది, గోల్స్ కొడుతుంది. ఒక శనివారం పిల్లలు వార్మప్ చేస్తుండగా అతను ఒళ్లో ఫోన్ పెట్టుకుని యూరప్‌లో నడుస్తున్న మ్యాచ్ చూస్తున్నాడు. తెర కింది భాగంలో ఏదో పందేల యాప్ అంకెలు మారుతున్నాయి.

"ఎవరు గెలుస్తారు?" అన్నాను.

"అది చిన్నపిల్లల ప్రశ్న అన్నా. ఎంత తేడాతోని గెలుస్తరు, అదడుగు."

"అడిగాను. చెప్పు."

"చూడు, గిది పెద్ద జట్టు, గది చిన్న జట్టు. పెద్దది గెలుస్తదని గుడ్డోనికి గూడ ఎర్కే. అండ్ల మజా ఏముంది? గందుకే ఒక గీత గీస్తరు. ఒకటిన్నర. అంతకన్న ఎక్కువ తేడాతోని గెలిస్తె యెస్. లేకుంటె నో."

"అర గోల్ ఎవరు కొడతారు తమ్ముడూ?"

"ఎవ్వరు కొట్టరు. గందుకే పెట్టిండ్రు. తేడా సరిగ్గ గీత మీద పడితె నువ్వు గెలిచినవా, నేను గెలిచిన్నా అని కొట్లాట. అర ఉంటె ఆ లొల్లే లేదు."

అంటే మూడు-ఒకటితో గెలిస్తే తేడా రెండు, కాబట్టి యెస్. మూడు-రెండుతో గెలిస్తే తేడా ఒకటే, నో. ఓడినా నో, సమానంగా ముగిసినా నో. గెలిచి కూడా ఓడిపోవచ్చన్నది నాకు ఆ రోజే తెలిసింది. పెళ్లయినవాణ్ణి కనక పెద్దగా ఆశ్చర్యపోలేదు.

తెర మీద యెస్ ధర అరవై రెండు సెంట్లు ఉంది. చివరికి నిజమైతే దానికి ఒక డాలరు వస్తుంది, కాకపోతే ఏమీ రాదు. అరవై రెండు అంటే, ఇది జరగడానికి నూటికి అరవై రెండు వంతులు అవకాశం ఉందని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి అనుకుంటున్నారని లెక్క.

"ఆ ధర ఎవరు పెడతారు? యాప్ వాళ్లా?"

"వాళ్లు కమీషన్ తీస్కుంటరు, అంతే. ధర మనదే. నేను యెస్ అరవై రెండుకి కొంటున్ననంటె, అవుతల ఎవడో నో ముప్పై ఎనిమిదికి కొన్నట్టు. రెండు కలిస్తె నూరు. గెలిచినోనికి ఆ నూరు."

"అవతల ఎవరు?"

"ఎవడో ఉంటడు. ఏ ఊరోడో, ఏందో. ఎవడో ఒకడు ఉండాలె అన్నా. లేకుంటె బేరమే లేదు."

ఆ మాట అప్పుడు మామూలుగానే వినబడింది.

ఆ మ్యాచ్‌లో పెద్ద జట్టు రెండు-సున్నాతో ముందుంది. ఆట చివరికొచ్చింది. యెస్ ధర తొంభై దాటింది. కావాలంటే అప్పుడే అమ్ముకుని బయటపడొచ్చు, ఆట నడుస్తుండగానే కొనడాలూ అమ్మడాలూ ఉంటాయి. మావాడు అమ్మలేదు. ఇంకో రెండు నిమిషాలుందనగా చిన్న జట్టు ఒకటి కొట్టింది. గెలుస్తున్న జట్టు ఆటగాళ్లు ఆ గోల్‌ని ఈగని తోలినట్టు తోలేశారు. వాళ్ల గెలుపు ఎక్కడికీ పోలేదు. యెస్ మాత్రం తొంభై నుంచి ఐదుకి పడింది. మావాడు తల పట్టుకున్నాడు.

"ఇంకోసారైతె మరీ ఘోరం," అన్నాడు కాసేపటికి. "కప్పు మ్యాచ్. తొంభై నిమిషాలకి సమానం. ఎక్స్‌ట్రా టైమ్‌ల మనోళ్లు రెండు కొట్టిండ్రు. నేను ఎగిరి దుంకిన. తీరా చూస్తె, తొంభై నిమిషాలు, దాని మీద రెఫరీ కలిపిన నిమిషాలు, గంతవరకే లెక్కని రూల్స్‌ల రాసుంది. రూల్స్ చదవాలె అన్నా. ఎవ్వడు చదవడు."

నేను చదువుతాను. పొద్దున్న లేస్తే నా పనే అది. మావాడికి గ్రీన్‌కార్డు వచ్చేసింది, నేనింకా వరసలో నిలబడినవాణ్ణి. రేపు ఏ ఫారంలో ఏ ప్రశ్న అడుగుతారోనని ట్రాఫిక్ టికెట్‌కి కూడా వణికే రకం. అసలు డబ్బుతో ఆడే ధైర్యం లేదు. కానీ ఆ యంత్రాంగం మాత్రం మనసుకి పట్టేసింది. దాంతో ఆ ఆదివారం కూర్చుని, మా ఐదుగురి కోసం, మా అమ్మాయిల మ్యాచ్‌ల మీద ఒక బొమ్మ మార్కెట్ కట్టాను. సీజన్ మొదట తలా వెయ్యి పాయింట్లు. ప్రతి శనివారం ఒకటే ప్రశ్న: మన జట్టు ఒకటిన్నర గోల్స్ కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుందా? సీజన్ చివర ఎవరి దగ్గర ఎక్కువ పాయింట్లుంటే వాళ్లు కుర్చీలో కూర్చోవాలి, మిగతా నలుగురూ కలిసి బిర్యానీ వండి పెట్టాలి.

రూల్స్ ఏడు రాశాను. ఆరోది: లీగ్ స్కోరు రాయదు కనక, స్కోరు ఖరారు చేసేది ఒక్కరే, అది నేను. ఏడోది టెస్టింగ్ అలవాటుతో రాసింది: ఖరారు చేసే మనిషి ఏ కారణంగానైనా స్కోరు చెప్పలేకపోతే ఆ మ్యాచ్ రద్దు, ఎవరి పాయింట్లు వాళ్లకి వెనక్కి. నాకు జ్వరమొస్తేనో, ఫోన్ రోడ్డున పడితేనో అని ఊహించి రాశాను. అందరూ చదివామని వాట్సాప్‌లో బొటనవేళ్లు పెట్టారు. మా మిత్రుడిది అన్నిటికంటే ముందు వచ్చింది.

మొదటి శనివారమే చిక్కొచ్చి పడింది. నలుగురూ యెస్ అన్నారు. కూతురి జట్టు మీద నో కొనే తండ్రి ఎక్కడుంటాడు? అవతల మనిషి లేడు, బేరం లేదు. షీటు ఖాళీగా ఉంది. అంత కష్టపడి కట్టిన యంత్రం కదలకుండా నిలబడితే, కట్టినవాడి బాధ కట్టినవాడికే తెలుస్తుంది.

"సరే, నో నేను తీసుకుంటా," అన్నాను. "ఎవరో ఒకరు ఉండాలిగా."

నిజంగా నమ్మి కొన్నది కాదు, యంత్రం తిరగాలని కొన్నాను. ఆ మాటకొస్తే మావాళ్లు గెలుస్తారనే నమ్మాను. నో అన్నది ఒక అంకె, అంతే అనుకున్నాను. ముందు ఆడే పిల్లల తండ్రులు యెస్ వైపు, గోల్ కాసే పిల్ల తండ్రి నో వైపు. ఇందులో ఎక్కడో తేడా కొడుతోందని నాకు తట్టలేదు. గోల్స్ లెక్కపెడుతూ గోళ్లు కొరుక్కోవడంలోనే సీజన్ చాలావరకు గడిచింది. నాకు పాయింట్లు మాత్రం బాగానే పెరిగాయి.

ఆ తర్వాతి శనివారం ఎండ ఎక్కువగా ఉంది. మావాళ్లు మూడు-ఒకటితో ముందున్నారు. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. తేడా రెండు, అంటే నేను ఓడిపోతున్నాను. అవతలి జట్టులో జడలు రెండూ పైకి కట్టుకున్న ఒక పిల్ల ఎడమవైపు నుంచి బంతిని తెచ్చి నేలబారుగా తన్నింది. మా అమ్మాయి పడింది. చేతి తొడుగు బంతికి తగిలింది కూడా. అయినా బంతి ఆగకుండా లోపలికి దొర్లింది.

మూడు-రెండు. పిల్లలకి ఆ గోల్‌తో ఏ తేడా లేదు, మావాళ్లు గెలిచినట్టే. అలవాటు ప్రకారం మా అమ్మాయి బంతి తీసి, మధ్యకి తన్ని, నా కుర్చీ వైపు చూసింది.

నేను నవ్వుతున్నాను.

చప్పట్లు కొట్టలేదు, కేక వేయలేదు. పెదాలు అంతకుముందే విడిపోయి ఉన్నాయి, పిడికిలి బిగిసి ఉంది. బొటనవేలు ఎత్తాలన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది. ఎత్తేసరికి ఆమె తల తిప్పేసుకుంది.

ఆట అయ్యాక నీడలో బల్ల దగ్గర పిల్లలు తొనలు తింటున్నారు. మా మిత్రుడు మంచివాడే, నోరే కాస్త ముందు నడుస్తుంది. మా అమ్మాయి భుజం తట్టి, "ఏం బాధపడకు బిడ్డా, మీ డాడీ ఫుల్ హ్యాపీ! నీకు ఆ గోల్ పడ్డందుకే ఇయ్యాల డాడీ గెలిచిండు. మేమందరం మునిగినం!" అన్నాడు.

"డాడీ ఏం గెలిచారు అంకుల్?"

అంకుల్‌కి అప్పుడు నా ముఖం కనబడింది. అప్పటికే చెప్పడం అయిపోయింది.

ఇంటికి పది నిమిషాల దారి. వెనక సీట్లో కూర్చుని తొడుగుల పట్టీలు ఊడదీస్తూ, మళ్లీ అతికిస్తూ అడిగింది.

"డాడీ, మనం లూజ్ అవ్వాలని బెట్ చేశావా?"

"లేదమ్మా, అలా కాదు. మనం గెలుస్తామనే నాకు తెలుసు. ఇది తేడా గురించి." పక్కకి తిరిగి చెప్పలేను, డ్రైవ్ చేస్తున్నాను. అద్దంలో చూస్తూ మొత్తం వివరించాను. గీత, అర, యెస్, నో, రెండూ కలిస్తే వంద. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి చెప్పినంత ఓపికగా చెప్పాను. "ఎవరో ఒకరు నో తీసుకోవాలి కదా, లేకపోతే గేమ్ నడవదు. అందుకని నేను తీసుకున్నా. మనం మూడు-రెండుతో గెలిచాం. గెలిచాం కదా?"

పట్టీ ఇంకోసారి ఊడదీసి అతికించింది.

"సో, నేను ఆ బాల్ ఆపితే నీకు లాస్."

పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలిగాను. అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

"అవును," అన్నాను.

"అందుకే స్మైల్ చేశావ్. నేను చూశాను."

సిగ్నల్ దగ్గర కారు ఆపాను.

"ఓకే," అంది. ఈ దేశంలో పుట్టిన పిల్లలు ఓకే అంటే దాని తర్వాత ఇంక మాట ఉండదు.

ఆ సాయంత్రం నా భార్య ప్లేట్లు కడుగుతూ మొత్తం విన్నది. అంకె చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. "మా దగ్గర మందుల ట్రయల్ ఫలితం మీద సొంత లాభం ఉన్నవాళ్లని ఆ గదిలోకి కూడా రానివ్వరు. ఒక ఫారం ఉంటుంది, సంతకం పెట్టి తప్పుకోవాలి," అంది. ఇంకో ప్లేటు అందుకుని, "మీరు ఆ గదిలో కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నారు," అంది.

తర్వాతి శనివారం నో తీసుకోనని చెప్పేశాను. షీటే తీసేస్తానన్నాను. "ఇంక రెండే మ్యాచ్‌లు అన్నా, బిర్యానీ దగ్గరకొచ్చినంక ఆపుతవా?" అన్నాడు మిత్రుడు. నేను లేకపోతే నో ఎవరూ కొనరు, దానంతట అదే ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. అప్పటికి పాయింట్లు చాలా పోగొట్టుకున్న మావాడు యెస్‌కి ఎనభై దాకా ఇస్తానన్నాడు. అంటే నో ఇరవైకే దొరుకుతుంది, నిజమైతే వంద వస్తుంది. మిగతా ముగ్గురు తండ్రుల్లో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలా కొంచెం నో కొన్నారు. ధర చవకైనకొద్దీ మనమూ చవకవుతామని అప్పుడు చూశాను. వాళ్లని ఏమనగలను? నేను అంతకంటే ఎక్కువ ధర పెట్టి కొన్నవాణ్ణి.

ఆ మ్యాచ్‌లో మా అమ్మాయికి రెండు గోల్స్ పడ్డాయి. రెండుసార్లూ బంతి తీసి మధ్యకి తన్నింది. ఒక్కసారి కూడా కుర్చీ వైపు చూడలేదు. నా బొటనవేలు రెండుసార్లు గాలిలో లేచి, దారి తప్పినట్టు కిందికి దిగింది. ఇంట్లో మామూలుగానే ఉంది. హోమ్‌వర్క్ అడిగింది, దోశె మీద పొడి వేయమంది. ఆ ఒక్క చూపు మాత్రం మానేసింది. అది లేదని ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

చివరి మ్యాచ్ రోజు ఫోన్‌ని కార్‌లోనే పెట్టేశాను. అందరి కుర్చీలూ మైదానం మధ్యగీత దగ్గర ఉంటే, నాది తీసుకెళ్లి మా అమ్మాయి నిలబడే గోల్ వైపు చివర వేశాను. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయి. నేనూ కుర్చీ చంకన పెట్టుకుని మైదానం పొడవునా అటు చివరికి నడిచాను. "ఏందన్నా, నీడ కోసమా?" అని కేకేశాడు మావాడు. అక్కడ నీడ లేదు.

బంతి ఎక్కడుందో చూడకూడదనుకున్నాను. మా అమ్మాయిని మాత్రమే చూశాను. సీజనంతా మైదానం పక్కనే కూర్చుని, బంతి దూరంగా ఉన్నప్పుడు కీపర్ ఏం చేస్తుందో నేనెప్పుడూ చూడలేదు. తొడుగు పట్టీని పళ్లతో లాగి బిగిస్తుంది. కాలి బూటుతో గడ్డిలో చిన్న గీత గీస్తుంది, దాని మీదికి వచ్చి నిలబడుతుంది. ముందున్న ముగ్గురు పిల్లల్ని వేలితో లెక్కపెడుతుంది. తనలో తనే ఏదో మాట్లాడుకుంటుంది. అటు చివర కేకలు లేచినప్పుడు ఆమె కాలి మడమలు లేచాయి, నేను తల తిప్పలేదు. అవి మా గోల్స్ కావచ్చు, గోల్ దాకా వెళ్లి తప్పినవి కావచ్చు. ఆ కేకలు మూడుసార్లు వినబడ్డాయో, నాలుగుసార్లో.

ఇటు వచ్చినవి మాత్రం తెలుసు. ఒకటి పొట్టతో ఆపింది. ఒకటి కాలితో. ఒకటి పడింది.

వలలోంచి బంతి తీసింది. మధ్యకి తన్నింది. తల తిప్పి మైదానం మధ్యకి, నా కుర్చీ ఎప్పుడూ ఉండే చోటికి చూసింది. అక్కడ నేను లేను. చూపు కుర్చీల వరస మీదుగా నెమ్మదిగా జరిగి, పది అడుగుల దూరంలో ఎండలో కూర్చున్న నా దగ్గర ఆగింది.

బొటనవేలు ఎత్తాను. ఆమె నవ్వలేదు. తొడుగుతో ముక్కు తుడుచుకుని, తల ఒకసారి ఊపి, గడ్డిలో గీసుకున్న గీత మీదికి వెళ్లి నిలబడింది.

రెఫరీ ఈల వేయగానే మా మిత్రుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తనకి మిగిలిన పాయింట్లన్నీ యెస్ మీద పెట్టేశాడట. అది నిజమైతే కుర్చీ అతనిదే.

"స్కోరు చెప్పన్నా! నా లెక్క ప్రకారం మూడు-ఒకటి. రెండు తేడా. యెస్. అంతే గదా?"

"ఒకటి నాకు తెలుసు తమ్ముడూ. ఇటు పడింది. అటు ఎన్నో చూడలేదు."

"చూడలేదా? ఇంతసేపు ఏం జేస్తున్నవ్?"

"ఆట చూస్తున్నా."

"సరే, నువ్వు చూడకుంటె ఏంది, మేం నలుగురం చూసినం!"

"ఆరో రూల్. ఖరారు చేసేది ఒక్కరే."

"అయితె?"

"ఆ ఒక్కరూ చెప్పలేకపోతే ఏడో రూల్. మ్యాచ్ రద్దు. ఎవరి పాయింట్లు వాళ్లకి."

అతను ఫోన్ తీసి, షీటు తెరిచి, కింది దాకా జరిపి, బహుశా మొదటిసారి ఏడో రూల్ చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"రూల్స్ చదవాలి తమ్ముడూ," అన్నాను. "ఎవ్వరూ చదవరు."

నా పాయింట్లు నేను ముందే సున్నా చేసేసుకున్నాను, అంత లాభాన్ని ఉంచుకునే ముఖం లేక. దాంతో కుర్చీ ఎవరికి దక్కిందంటే, సీజన్ మొదట్లో ఒకే ఒక్కసారి కొని, ఆ తర్వాత షీటు పాస్‌వర్డ్ మరిచిపోయిన ఐదో తండ్రికి. ఆయనకి ఆ సంగతి బిర్యానీ రోజు దాకా తెలియదు.

ఆ రోజు మా పెరట్లో పొయ్యి దగ్గర పనులు నేనే పంచాను. మాంసం ఒకరికి, బియ్యం ఒకరికి, మంట నాకు. మా మిత్రుడికి ఉల్లిపాయలు ఇచ్చాను, పది పౌండ్ల సంచి. అతను ముక్కు ఎగబీలుస్తూ కోస్తుంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"అంకుల్, ఎందుకు అన్నీ మీరే కట్ చేస్తున్నారు?"

"మీ డాడీని అడుగు బిడ్డా," అన్నాడు మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ.

ఆమె నా వైపు చూసింది. నేను బొటనవేలు ఎత్తి చూపించాను.